పట్టా ఇచ్చి పంపేముందు దారి కూడా చూపించండి

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ఉన్నత విద్యామండళ్ల అధ్యక్షులకు,

ఆరో సెమిస్టర్ చివరి పరీక్ష రాసి బయటికొచ్చిన పిల్లల్ని ఆపి, ‘ఇప్పుడేం చేద్దామనుకుంటున్నారు?’ అని అడిగి చూడండి. బీఏ కానీ, బీకాం కానీ, బీఎస్సీ కానీ, మీకు ఎక్కువగా మూడే జవాబులు వినిపిస్తాయి. గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతాం. పీజీ చేస్తాం. హైదరాబాద్ వెళ్లి ఏదో ఒక కోర్సు నేర్చుకుంటాం. ఈ మూడూ తప్పని నేననను. నాలుగోదీ ఐదోదీ ఉన్నాయని ఆ పిల్లలకు మూడేళ్లలో ఎవరూ చెప్పలేదన్నదే నా బాధ.

నేను ప్రభుత్వ డిగ్రీ కళాశాలల్లో కామర్స్ బోధించి పదవీ విరమణ చేసిన అధ్యాపకుణ్ణి. ఇంజినీరింగ్ పిల్లల ఉద్యోగాల గురించి పత్రికలు రాస్తాయి, తల్లిదండ్రులు ఆరా తీస్తారు, ప్యాకేజీ ఎంతని చుట్టాలు అడుగుతారు. మామూలు డిగ్రీ పిల్లల విషయంలో అడిగే నాథుడు లేడు. వాళ్లలో ఎక్కువమంది ఆ ఇంట్లో మొదటిసారి డిగ్రీ గడప తొక్కినవాళ్లు. నాన్న ఆటో నడుపుతాడు, అమ్మ కూలికి పోతుంది. మార్గం చెప్పగలిగిన అన్నయ్యో, బాబాయో ఉండరు. అలాంటి బిడ్డకు ఉద్యోగాల లోకం గురించి చెప్పాల్సింది ఎవరు? కళాశాలే. ఆ పని కళాశాల చేయడం లేదు. అది చేసేలా మీరు నిర్ణయం తీసుకోవాలని అడగడానికే ఈ లేఖ.

అంతర్జాతీయ కార్మిక సంస్థ, మానవాభివృద్ధి సంస్థ కలిసి 2024 మార్చిలో విడుదల చేసిన భారత ఉపాధి నివేదికలో ఒక లెక్క ఉంది. 2022లో మన దేశంలో చదవను రాయను రాని యువతలో నిరుద్యోగం 3.4 శాతం. పట్టభద్రులైన యువతలో 29.1 శాతం. చదువు లేనివాడికి మంచి ఉద్యోగం దొరికిందని దీనర్థం కాదు. అతనికి ఎదురుచూసే వెసులుబాటు లేదు, దొరికిన పని చేస్తాడు. డిగ్రీ చదివినవాళ్లు ఎదురుచూస్తారు. దేనికోసం చూస్తున్నారో, ఎంతకాలం చూడాలో తెలియకుండా చూస్తారు.

ఆ ఎదురుచూపు ఎంత పొడుగ్గా ఉంటుందో మీకు తెలుసు. తెలంగాణలో 783 పోస్టుల గ్రూప్-2 నోటిఫికేషన్ 2022 డిసెంబరులో వచ్చింది, పరీక్ష 2024 డిసెంబరులో జరిగింది. 2022 అక్టోబరులో రాసిన గ్రూప్-1 ప్రిలిమ్స్ పేపర్ లీకేజీతో రద్దయింది. 2023 జూన్‌లో మళ్లీ పెడితే హైకోర్టు రద్దు చేసింది. 2024లో కొత్త నోటిఫికేషన్‌తో మొదటినుంచి మొదలైంది. రైల్వే ఎన్‌టీపీసీలో 8,113 గ్రాడ్యుయేట్ పోస్టులకు 58 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. అంటే ఒక్కో కుర్చీకి ఏడు వందల మంది. పోటీపరీక్షలు రాయొద్దని ఏ విద్యార్థికీ నేను చెప్పలేదు, చెప్పను కూడా. పల్లెనుంచి వచ్చిన పిల్లలకు సిఫారసు లేకుండా పైకెళ్లే మెట్టు ఇంకా అదే. కానీ చేతిలో ఏ పనీ లేకుండా, హైదరాబాద్ అశోక్‌నగర్ కోచింగ్ గదిలో ఇరవై రెండు నుంచి ఇరవై ఎనిమిదేళ్ల దాకా గడిపిన పిల్లవాడు వెనక్కి తిరిగి ప్రైవేటు ఉద్యోగం వెతుక్కుంటే, ‘ఈ ఆరేళ్లు ఏం చేశావ్?’ అన్న ప్రశ్నకు అతని దగ్గర కాగితం ముక్క ఉండదు. పని చేస్తూ ప్రిపేర్ కావొచ్చని, అందుకు తగిన పనులు ఫలానా చోట ఉన్నాయని మొదటే చెప్పే మనిషి కావాలి.

ఏ పనులు, ఎక్కడ? ఇది గాలిలో చెప్పే మాట కాదు గనక కాస్త వివరంగానే రాస్తాను.

కెమిస్ట్రీ ఉన్న బీఎస్సీ పిల్లలకు మన రెండు రాష్ట్రాల్లో ఉన్నంత అవకాశం దేశంలో చాలా చోట్ల లేదు. జీడిమెట్ల, పాశమైలారం, బాచుపల్లి, అటు పరవాడ, అచ్యుతాపురం, పైడిభీమవరం దాకా మందుల పరిశ్రమ విస్తరించి ఉంది. అక్కడ ప్రొడక్షన్, క్వాలిటీ కంట్రోల్, క్వాలిటీ అష్యూరెన్స్ విభాగాల్లోకి బీఎస్సీ వాళ్లను తీసుకుంటారు. షిఫ్టులుంటాయి, మొదట్లో జీతం తక్కువే, ప్లాంట్‌లో భద్రత ఎలా ఉందో చూసుకుని మరీ చేరాలి. ఇవన్నీ దాచకుండా చెప్పాలి. కానీ ఇంటర్వ్యూలో అడిగేది హెచ్‌పీఎల్‌సీ అనే విశ్లేషణ పరికరం గురించి, డాక్యుమెంటేషన్ గురించి. మన బీఎస్సీ పిల్లల్లో ఆ పరికరాన్ని కంటితో చూసినవాళ్లు ఎందరు? పది పదిహేను రోజుల శిక్షణతో తీరే ఈ లోటును తీర్చుకోవడానికి వాళ్లు డిగ్రీ అయ్యాక ప్రైవేటు ఇన్‌స్టిట్యూట్లకు వేలకు వేలు కడుతున్నారు.

జువాలజీ చదివిన పిల్లలకు టీచర్ ఉద్యోగం తప్ప మరేముందని అంటుంటారు. భీమవరం, ఆకివీడు, కైకలూరు వైపు వెళ్లి చూడండి. దేశంలో రొయ్యల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్‌దే మొదటి స్థానం. చెరువు నీరు పరీక్షించే ల్యాబులు, వైట్ స్పాట్ వైరస్ ఉందో లేదో తేల్చే పీసీఆర్ పరీక్షలు, తీరం వెంట హేచరీలు, ఎగుమతికి వెళ్లే సరుకు నాణ్యత చూసే ప్రాసెసింగ్ ప్లాంట్లు ఉన్నాయి. వీటిలో పని దొరికితే, ఆడపిల్లను దూరం పంపలేమనే ఇళ్లలో కూడా అభ్యంతరం తగ్గుతుంది. ఉదయం బస్సెక్కి సాయంత్రం ఇంటికి రావచ్చు. బోటనీ పిల్లలకు మేడ్చల్, కొంపల్లి ప్రాంతంలోని విత్తన కంపెనీలు, మొలక శాతం పరీక్షించే ల్యాబులు, గద్వాల నడిగడ్డలో పత్తి విత్తనోత్పత్తి ఉన్నాయి. లైఫ్ సైన్సెస్ వాళ్లకు మెడికల్ కోడింగ్ ఉంది. ఆసుపత్రి రికార్డులోని జబ్బుకు, చికిత్సకు ఐసీడీ-10 వంటి పద్ధతుల ప్రకారం కోడ్ వేసే పని అది. ఈ ఉద్యోగం సంగతి ఏటా వేలమంది పిల్లలకు హైదరాబాద్ అమీర్‌పేట గోడల మీది పోస్టర్ల ద్వారానే తెలుస్తోంది. మైక్రోబయాలజీ పాఠం చెప్పిన గురువు నోట తెలియాల్సిన సంగతి అది.

బీకాం నా సబ్జెక్టు గనక ఒక మాట గట్టిగా చెబుతాను. 2017 జులైలో జీఎస్‌టీ వచ్చాక ఊరూరా ఆడిటర్ల ఆఫీసుల్లో, హోల్‌సేల్ షాపుల్లో, రైస్ మిల్లుల్లో లెక్కలు తెలిసిన మనిషి అవసరం పెరిగింది. నెలకోసారి రిటర్న్ వేసేవాళ్లకు పదకొండో తారీఖులోపు జీఎస్‌టీఆర్-1, ఇరవయ్యో తారీఖులోపు 3బీ వెళ్లాలి. ట్యాలీలో ఎంట్రీ వేసి, పోర్టల్‌లో ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ సరిచూసి, రిటర్న్ తయారుచేయగలిగిన పిల్ల ఏ మండల కేంద్రంలోనైనా ఉపాధి చూసుకోగలదు. రెండేళ్లు ఆడిటర్ దగ్గర కూర్చుంటే తర్వాత హైదరాబాద్‌లోని పెద్ద కంపెనీల అకౌంట్స్ విభాగాలకు, అమెరికా పన్నుల సీజన్‌లో రిటర్నులు తయారుచేసే సంస్థలకు వెళ్లే దారి తెరుచుకుంటుంది. మన సిలబస్‌లో జీఎస్‌టీ ఉంది, పరీక్షలో ప్రశ్న వస్తుంది, పిల్లలు జవాబు రాస్తారు. ఒక్క రిటర్న్ ఎలా వేస్తారో చూడకుండానే బీకాం పాసైపోతారు.

బీఏ పిల్లలకు నేను తీపి మాటలు చెప్పలేను. డిగ్రీ ఒక్కదానితో నేరుగా దొరికే మంచి ఉద్యోగాలు వాళ్లకు తక్కువ. అయితే బీఈడీ, మూడేళ్ల లా, ఎంఎస్‌డబ్ల్యూ వంటి దారుల్లో ఏది తనకు సరిపోతుందో మూడో సెమిస్టర్‌లోనే ఆలోచించుకుంటే డిగ్రీ తర్వాత ఏడాది వృథా కాదు. పెద్ద ఐటీ కంపెనీల బీపీఓ విభాగాలు బీఏ వాళ్లను కూడా తీసుకుంటాయి. టీసీఎస్ బీపీఎస్ నియామకాలకు బీఏ, బీకాం, బీఎస్సీ అందరూ అర్హులే. కంప్యూటర్లు చదివిన బీఎస్సీ, బీసీఏ పిల్లలకు విప్రో ‘విల్ప్’ కింద ఉద్యోగం చేస్తూ కంపెనీ ఖర్చుతో ఎంటెక్ చదివే వీలుంది. ఎంతమంది ప్రిన్సిపాళ్లకు ఈ పేరు తెలుసు?

ఇక అప్రెంటిస్‌షిప్. ఈ లేఖలో దేన్ని వదిలేసినా దీన్ని మాత్రం వదలొద్దని ప్రార్థన. 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టాన్ని 2014లో సవరించి బీఏ, బీకాం, బీఎస్సీ వాళ్లకూ తలుపు తెరిచారు. ముప్పై మంది, అంతకు మించి పనిచేసే ప్రతి సంస్థా తన సిబ్బందిలో రెండున్నర నుంచి పదిహేను శాతం దాకా అప్రెంటిస్‌లను పెట్టుకోవాలి. 2019లో పట్టభద్రులకు నెలకు కనీస స్టైపెండ్ 9,000 రూపాయలుగా నిర్ణయించారు. జాతీయ అప్రెంటిస్‌షిప్ శిక్షణ పథకం కింద అందులో సగం కేంద్రం భరిస్తుంది. దక్షిణ రాష్ట్రాలకు ఈ పథకం చూసే బోర్డు చెన్నైలో ఉంది. ఏడాది పూర్తయితే కేంద్ర ప్రభుత్వ ధ్రువపత్రం వస్తుంది. 2024 సెప్టెంబరులో కెనరా బ్యాంకు 3,000 మంది గ్రాడ్యుయేట్ అప్రెంటిస్‌లకు ప్రకటన ఇచ్చింది. నెలకు 15,000 రూపాయలు. స్థానిక భాష రావాలన్నది నిబంధన. అంటే మన రాష్ట్రాల ఖాళీల్లో తెలుగు పిల్లలకే మొగ్గు. అప్రెంటిస్‌షిప్ అయ్యాక ఉద్యోగం ఇస్తారన్న హామీ లేదు, ఆ మాట ముందే చెప్పాలి. కానీ బ్యాంకు కౌంటర్ వెనక ఏడాది కూర్చున్న అమ్మాయి ఆ తర్వాత ఐబీపీఎస్ రాసినా, ప్రైవేటు బ్యాంకు ఇంటర్వ్యూకి వెళ్లినా బెరుకు లేకుండా మాట్లాడుతుంది. కోచింగ్‌లో అలవడని ధైర్యం అది. అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లో రిజిస్ట్రేషన్‌కు కావాల్సింది ఆధార్, మార్కుల మెమోలు, బ్యాంకు ఖాతా, ఒక గంట సమయం. ఆరో సెమిస్టర్‌లో ఒక ల్యాబ్ పీరియడ్ కేటాయిస్తే తరగతి మొత్తానికీ ఆ పని అవగొట్టవచ్చు.

కళాశాల మౌనంగా ఉన్నచోట వేరేవాళ్లు మాట్లాడతారు. ‘బ్యాక్‌డోర్‌లో పెట్టిస్తాం, రెండు లక్షలివ్వండి’ అనే కన్సల్టెన్సీ మాట్లాడుతుంది. మూడు నెలలు ట్రైనింగ్ పేరుతో కూర్చోబెట్టి, ఒక నెల జీతమిచ్చి, ఆఫీసుకు తాళం వేసి వెళ్లిపోతారు. మూడేళ్ల దొంగ ఎక్స్‌పీరియెన్స్ లెటర్ అమ్మేవాళ్లు మాట్లాడతారు. ఇవాళ కంపెనీలు పీఎఫ్ ఖాతా చరిత్ర చూసి ఐదు నిమిషాల్లో అది దొంగదని తేలుస్తాయని, ఆ తర్వాత ఆ సంస్థ తలుపు శాశ్వతంగా మూసుకుంటుందని వాళ్లు చెప్పరు. 2024 మేలో విశాఖ పోలీసులు బయటపెట్టిన కంబోడియా వ్యవహారం మీకు గుర్తుండే ఉంటుంది. సింగపూర్‌లో డేటా ఎంట్రీ ఉద్యోగమని చెప్పి, ఒక్కొక్కరి దగ్గర లక్షన్నర దాకా వసూలుచేసి, మన పిల్లల్ని కంబోడియాలో సైబర్ మోసాల ముఠాల చేతికి అప్పగించారు. విదేశీ ఉద్యోగాలకు పంపే ఏజెంటు 1983 నాటి వలసల చట్టం కింద రిజిస్టరై ఉండాలి. అతను తీసుకోదగిన సేవా రుసుము 30,000 రూపాయలు, పైన జీఎస్‌టీ, అంతే. ఏజెంటు అసలువాడో కాదో ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూసుకోవచ్చు. తెలంగాణలోనైతే ప్రభుత్వానిదే టామ్‌కామ్ అనే సంస్థ ఉంది. ఈ నాలుగు వాక్యాలు ఫేర్‌వెల్ పార్టీ రోజు మైకులో చదివినా కొన్ని కుటుంబాలు అప్పులపాలు కాకుండా ఉంటాయి.

‘మా కళాశాలల్లో కెరీర్ గైడెన్స్ సెల్ ఉంది కదా’ అని మీ కార్యాలయం అనవచ్చు. ఉంది. కళాశాలలకు గ్రేడ్ ఇచ్చే న్యాక్ బృందం వచ్చినప్పుడు ఐదో అంశం కింద చూపించే ఫైలులో ఉంది. బ్యానరు, అతిథి ప్రసంగం, ఫొటోలు, హాజరు సంతకాలు అన్నీ ఉన్నాయి. ఆ బాధ్యత మోసేది అప్పటికే ఎన్‌ఎస్‌ఎస్, పరీక్షల విభాగం, అడ్మిషన్లు చూస్తున్న ఏ ఇంగ్లిష్ లెక్చరరో. ఆ లెక్చరర్‌ను నేను తప్పుపట్టను. వారానికి పదహారు గంటల పాఠం చెప్పే మనిషి ఫార్మా కంపెనీ హెచ్‌ఆర్‌కు ఎప్పుడు ఫోన్ చేస్తాడు? ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన జవహర్ నాలెడ్జ్ సెంటర్లు కొన్నిచోట్ల నిజంగా మంచి పని చేశాయి. శ్రద్ధగల మెంటర్ ఉన్నన్నాళ్లు చేశాయి. నైపుణ్య శిక్షణకు తెలంగాణలో టాస్క్, ఆంధ్రలో నైపుణ్యాభివృద్ధి సంస్థ ఉన్నాయి. పథకాలకు కొరత లేదు. వాటిని ఫలానా అమ్మాయి దాకా తీసుకొచ్చే మనిషికే కొరత.

ఆ మనిషి చేయాల్సిన పని చిన్నదేం కాదు. ప్రతి విద్యార్థితో విడిగా అరగంట కూర్చోవాలి. రెజ్యూమెలో తండ్రి పేరు, మతం, పాస్‌పోర్టు ఫొటో, పది పంక్తుల డిక్లరేషన్ తీసేయించి, చేసిన ప్రాజెక్టు ఏమిటో రాయించాలి. ఫోన్ ఇంటర్వ్యూ వస్తే ఎక్కడ కూర్చుని మాట్లాడాలో, తెలియని ప్రశ్నకు ‘తెలియదు, నేర్చుకుంటాను’ అని ఎలా చెప్పాలో అలవాటు చేయాలి. తెలుగు మాధ్యమంలో చదివిన పిల్లలకు ఇంగ్లిష్‌లో తమ గురించి మూడు నిమిషాలు మాట్లాడటం రోజూ సాధన చేయించాలి. జిల్లాలో ముప్పై మంది, అంతకు మించి పనిచేసే సంస్థలేవో జాబితా రాసుకుని, ఒక్కొక్కటీ తిరిగి అప్రెంటిస్‌లను అడగాలి. ఆఫర్ లెటర్ వస్తే చదివి, బాండు ఎన్నేళ్లు, ఒరిజినల్ సర్టిఫికెట్లు అడుగుతున్నారా, డిపాజిట్ పేరుతో డబ్బు కట్టమంటున్నారా చూడాలి. విద్యార్థి వెళ్లిపోయాక ఆరు నెలలకు ఒకసారి ఫోన్ చేసి ఎక్కడున్నావని అడగాలి. ఇది పూర్తికాలపు ఉద్యోగం.

ఇంకో విషయం. ఆఫర్ లెటర్ చేతికొచ్చినా చేరని పిల్లలున్నారు. బద్ధకమని అందరూ అంటారు. హైదరాబాద్‌లో హాస్టల్ అడ్వాన్సు, నెల అద్దె, రెండు జతల బట్టలు, సిటీ బస్ పాసు, మొదటి జీతం చేతికొచ్చేదాకా తిండి. ఇవన్నీ కలిపితే ఆ ఇంటి నెల ఆదాయం దాటిపోతుంది. 2024లో మొదలైన ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకం మొదటి విడతలో ఎనభై వేలకు పైగా ఆఫర్లు వెళ్తే చేరినవాళ్లు తొమ్మిది వేలలోపే. దూరం ఒక కారణమని బయటపడింది. నెలకు ఐదు వేల రూపాయలతో పరాయి ఊళ్లో ఎవరు బతకగలరు? మొదటి రెండు నెలలకు వడ్డీలేని చిన్న అప్పు, జీతం వచ్చాక వాయిదాల్లో తిరిగి కట్టేలా, కళాశాల పూర్వ విద్యార్థుల నిధినుంచి ఇప్పించవచ్చు. ఈ సాయం లేనిదే మిగతా శ్రమంతా కళాశాల గేటు దగ్గరే ఆగిపోతుంది.

ఆంధ్రప్రదేశ్ మండలికి ప్రత్యేకంగా ఒక విన్నపం. 2020-21 నుంచి డిగ్రీలో సామాజిక సేవా ప్రాజెక్టుతో సహా పది నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశారు. ఆలోచన ఎంతో మంచిది. కానీ చుట్టుపక్కల సంస్థలేవీ లేని ఊళ్లో పిల్లలు ఎక్కడికి పోతారు? ఆన్‌లైన్‌లో రుసుము కట్టి సర్టిఫికెట్ తెచ్చుకునే అలవాటు అలా మొదలైంది. సీట్లు చూపించకుండా నిబంధన పెడితే కాగితమే మిగులుతుంది. ఇంటర్న్‌షిప్ ఇచ్చే సంస్థల జాబితాను జిల్లాల వారీగా మండలే తయారుచేయాలి.

తెలంగాణ మండలికి కూడా ఒకటుంది, ఇది రెండు రాష్ట్రాలకూ వర్తిస్తుంది. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయి రాలేదని ప్రైవేటు కాలేజీలు పిల్లల టీసీ, మెమోలు ఆపేస్తున్నాయి. కాలేజీకి రావాల్సిన డబ్బు రాలేదన్నది నిజమే, జీతాలివ్వలేక వాళ్లూ ఇబ్బందిపడుతున్నారు. కానీ ఆ బాకీ ప్రభుత్వానిది. ఒరిజినల్ సర్టిఫికెట్లు అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే స్పష్టం చేసింది. సోమవారం చేరమని ఉత్తరం వచ్చిన పిల్లకు శనివారం కాలేజీలో ‘బకాయి కట్టి తీసుకెళ్లు’ అంటే ఆ ఉద్యోగం పోయినట్టే. దీనికి మండలిలో ఒక ఫోన్ నంబరు, ఒక బాధ్యుడైన అధికారి, మూడు రోజుల గడువు పెట్టండి.

ప్రతి కళాశాల కిందటేడాది పాసైనవాళ్లలో ఎంతమంది ఉద్యోగంలో ఉన్నారో, ఎంతమంది పైచదువుల్లో ఉన్నారో, ఎంతమంది ఇంట్లో ఉన్నారో నిజమైన లెక్క ప్రకటించాలి. తెలంగాణ డిగ్రీ ప్రవేశాల పోర్టల్ దోస్త్‌లో, ఆంధ్ర ఆన్‌లైన్ ప్రవేశాల్లో కాలేజీని ఎంచుకునే విద్యార్థికి ఆ లెక్క కనిపించాలి. మొదటి ఏడాది అంకెలు సిగ్గుపడేలా ఉంటాయి. ఉండనివ్వండి. ఎక్కడున్నామో తెలియకుండా ఏ మార్పూ రాదు.

ఇందులో దేనికీ కొత్త చట్టం అక్కర్లేదు. ఇప్పటికే ఉన్న పథకాలు, ఉన్న పోర్టళ్లు, ఉన్న కళాశాలలే చాలు. వచ్చే ఆరో సెమిస్టర్ మొదలయ్యేలోపు ప్రతి ప్రభుత్వ డిగ్రీ కళాశాలకూ ఈ పని ఒక్కటే చూసే ఒక మనిషిని నియమిస్తూ ఉత్తర్వులివ్వండి. అన్నింటికీ ఒకేసారి కాదంటే ముందు వెనకబడిన జిల్లాలతో మొదలుపెట్టండి. పదవీ విరమణ చేసిన నావంటి అధ్యాపకులు చాలామంది ఉన్నారు. పిలిస్తే వారానికి రెండు రోజులు జీతం లేకుండా వచ్చి ఆ మనిషి పక్కన కూర్చుంటాం. మమ్మల్ని పిలవండి.

భవదీయుడు,
ఒక విశ్రాంత కామర్స్ అధ్యాపకుడు